నేను డేనిష్ అని నొక్కిన గురువారం

ముప్పై మూడేళ్ళకు రిటైరయ్యానని చెబితే, మా శివారు జాన్సన్‌విల్‌లో తెలుగు అంకుళ్ళు ముందు నా ఆరోగ్యం గురించి అడుగుతారు, తర్వాత నా భార్య జీతం గురించి. రెండూ బాగానే ఉన్నాయి. వెల్లింగ్టన్‌లో ఒక టెలిఫోన్ ఇంటర్‌ప్రిటింగ్ కంపెనీలో ఎనిమిదేళ్ళు పనిచేసి, ఒకరోజు హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టి వచ్చేశాను. ఇప్పుడు సిటీ బస్సు నడుపుతున్నాను. బస్సెక్కినవాళ్ళు ఏ భాషలో తిట్టుకున్నా దాన్ని ఇంకొకరికి చెప్పాల్సిన బాధ్యత నాకు లేదు.

ఈ మధ్య ఈ దేశంలోనే రిక్కార్టన్ నుంచీ హెండర్సన్ నుంచీ మన పిల్లలు ఫోన్ చేస్తున్నారు. "అన్నా, ఇంటర్‌ప్రిటర్ జాబంట. ఫ్లాట్‌ల కూసొనే చెయ్యొచ్చంట. రెండు భాషలొస్తే చాలంట. నిజమేనా?" అని. ఒక్కొక్కరికీ విడివిడిగా నిరుత్సాహం కలిగించే ఓపిక లేక ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయను. వచ్చింది ఒక్కటే, దానితోపాటు కిటికీ పక్క కుర్చీ వచ్చింది. వెల్లింగ్టన్ గాలికి ఆ కిటికీ ఏనాడూ సరిగ్గా మూసుకోలేదు.

మొదటి వారంలోనే నాకు మూడో నెల

ఈ పనిలో మొదటి నియమం: మీరు లేరు. అవతలి మనిషి "నాకు కడుపులో నొప్పి" అంటే మీరూ "నాకు కడుపులో నొప్పి" అనాలి. "ఆవిడకి కడుపులో నొప్పట" అనకూడదు. నేను ఖమ్మం నుంచి చదువుకని వచ్చి, చదువు పేరుకు పూర్తిచేసి, ఈ ఉద్యోగంలో చేరిన నాలుగో రోజున ఫోన్‌లో హామిల్టన్ నర్సు ఒకావిడతో గంభీరంగా "నాకు మూడో నెల, పొద్దున్నే వాంతులు" అని చెప్పాను. నర్సు అంతే గంభీరంగా అభినందించింది. ఆరోజు మధ్యాహ్నం నాకు నిజంగానే అన్నం సయించలేదు.

రెండో నియమం: అర్థం కాకపోతే అర్థం కాలేదని చెప్పాలి. వినడానికి ఇది నియమంలా ఉండదు కానీ, ఎనిమిదేళ్ళలో నేను చూసిన ప్రమాదాలన్నీ దీన్ని పాటించకపోవడం వల్ల వచ్చినవే. నాది కూడా.

మా బాస్ పేరు మేలే. టోంగా దీవుల మనిషి, పూర్వాశ్రమంలో నర్సు. గొంతు పెంచడం ఎప్పుడూ చూడలేదు. తప్పు చేస్తే పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి, టీ ఇచ్చేది. మేలే చేతి టీ తాగినవాడి మొహం చూస్తే ఆఫీసులో అందరికీ విషయం తెలిసిపోయేది.

హెండర్సన్ ఆంటీ

నేను ఏ పార్టీకి వెళ్ళినా చెప్పే కథ ఒకటుండేది. కొడుకు పిల్లల్ని చూసుకోవడానికి తెనాలి నుంచి హెండర్సన్ వచ్చిన ఒక ఆంటీ ఆసుపత్రిలో చేరింది. ఇండియా అని రాసి ఉంది కాబట్టి వాళ్ళు హిందీ ఇంటర్‌ప్రిటర్‌ని పిలిచారు. ఆంటీకి హిందీలో వచ్చింది ఒక్క ముక్క: "హా". అతను పద్ధతిగా ప్రశ్నలడిగాడు, ఆంటీ పద్ధతిగా జవాబిచ్చింది. మూడు రోజుల తర్వాత నన్ను లైన్లోకి తీసుకునేసరికి రికార్డుల్లో ఆంటీ శాకాహారి, చేపలు పడవు, రోజుకు ఒక పెట్టె సిగరెట్లు తాగుతుంది.

"ఎందుకు హా అన్నారు ఆంటీ?" అని అడిగాను.

"ఏం చెయ్యను బాబూ, పెద్దమనిషి, అంత ఇదిగా అడుగుతున్నాడు. కాదంటే ఏం బావుంటుంది? అయినా ఈ నర్సమ్మాయేంటి, పొద్దున్నించీ ఊపిరితిత్తుల బొమ్మ చూపించి బెదిరిస్తోంది? మూడ్రోజులైంది చేపముక్క మొహం చూసి. కాస్త చెప్పు నాన్నా."

ఈ కథకు ప్రతిచోటా నవ్వేవాళ్ళు. చివర్లో నేను కొంచెం గంభీరంగా మొహం పెట్టి, "ఇండియా అంటే హిందీ అనుకుంటారండీ ఈ తెల్లవాళ్ళు" అనేవాణ్ణి. అందరూ తలలూపేవాళ్ళు. నాలుగేళ్ళు బాగా ఆడిన కథ.

దగ్గరి భాష

మా బుకింగ్ కంప్యూటర్‌లో భాషల జాబితా ఉండేది. ఆసుపత్రి నుంచి ఫారం వస్తుంది, అందులో ఉన్న భాషను జాబితాలో వెతికి నొక్కుతాం, ఆ భాష మనిషికి ఫోన్ వెళుతుంది. జాబితాలో లేకపోతే? "దగ్గరిది నొక్కు." ఎవరు మొదలుపెట్టారో తెలియదు, ఏ కాగితం మీదా ఉండదు, కానీ చేరిన ప్రతివాడికీ పక్క సీటువాడు మొదటి రోజే నేర్పేవాడు. నాకూ నేర్పారు. నా తర్వాత వచ్చినవాళ్ళకు నేను నేర్పాను, కొంచెం ధీమాగానే.

ఒక డిసెంబర్‌లో, గురువారం పొద్దున ఒక ఫారం వచ్చింది. యాకుప్, ఎనభై రెండేళ్ళు. స్ట్రోక్ వచ్చి కుడి చెయ్యి, మొహంలో సగం పడిపోయాయి. యాభై ఏళ్ళకు పైగా ఇక్కడే ఐలాండ్ బేలో చేపల పడవ నడిపిన మనిషి. ఇంగ్లీషు కొంచెం అర్థమవుతోంది కానీ నోటికి రావడం లేదు, చిన్నప్పటి భాషలోనే మాట్లాడుతున్నాడు. భాష అన్న గడిలో పెద్దక్షరాలతో ఫారోయీజ్ అని ఉంది.

నేను ఆ పేరు వినడం అదే మొదలు. ఫోన్‌లో వెతికాను. నార్వేకూ ఐస్లాండ్‌కూ మధ్య సముద్రంలో ఫారో అని కొన్ని దీవులు, గొర్రెలు, వాన. డెన్మార్క్ రాజ్యంలో భాగం, ఆ దేశం భాష డేనిష్. అక్కడే ఆగాను. ఇంకో రెండు వాక్యాలు చదివి ఉంటే వాళ్ళ భాష వేరనీ, డేనిష్ బడిలో నేర్చుకుంటారనీ, డెన్మార్క్ వాళ్ళకు ఆ భాష అర్థం కాదనీ తెలిసేది. కానీ టీ టైమైంది. డేనిష్ అని నొక్కాను.

కాల్ తీసుకున్నది ఇంగ, క్రైస్ట్‌చర్చ్‌లో ఉండే రిటైర్డ్ టీచర్, నిక్కచ్చి మనిషి. మర్నాడు ఆవిడ దగ్గర్నుంచి నోట్ వచ్చింది: "ఆయన మాటలు నాకు దాదాపు ఏమీ అర్థం కాలేదు. అదే సంగతి డాక్టరుకు చెప్పాను. దయచేసి భాష సరిచూడండి." రెండో నియమం, అక్షరాలా. చదివి నేను ఏమనుకున్నానో దాచకుండా రాస్తాను: స్ట్రోక్ వచ్చిన ముసలాయన మాట ఎవరికి మాత్రం అర్థమవుతుంది? నోట్‌ను "చూశాను" అన్న ఫోల్డర్‌లో పడేశాను. నిజమే, చూశాను.

మంగళవారం

మంగళవారం ఒక ఆవిడ ఫోన్ చేసింది. పేరు కరెన్, యాకుప్ కూతురు, లోయర్ హట్‌లో స్కూల్ ఆఫీసులో పని. గురువారం కాల్ జరిగినప్పుడు తను వార్డులో లేదు.

"శుక్రవారం మీటింగ్ పెట్టారు," అంది. "నాన్నను ఇంటికి పంపాలా, తాళం వేసి ఉండే డిమెన్షియా యూనిట్‌కు పంపాలా అని. మీ ఇంటర్‌ప్రిటర్‌తో మాట్లాడాక డాక్టరు 'మాటలో పొంతన లేదు, నిర్ణయాలు తీసుకునే స్థితి కనిపించడం లేదు' అని రాశాడు. కానీ నాన్న రోజూ నాకు అదే వాక్యం చెబుతున్నాడు. అదే వరసలో. పొంతన లేనివాళ్ళు అలా చెబుతారా?"

"మీకు ఆ భాష రాదా?"

"చిన్నప్పుడు అర్థమయ్యేది. అమ్మ ఇక్కడి కివీ కదా, ఇంట్లో అంతా ఇంగ్లీషే. నేనే నేర్చుకోలేదు, సరే, అది నా ఏడుపు. అసలు ఏ భాషవాళ్ళను పిలిచారు?"

తెర మీద ఉంది. చదవడమే నా పని.

"డేనిష్," అన్నాను.

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది.

"ఫారం నింపింది నేను," అంది. "పెద్దక్షరాలతో రాశాను. ప్రతిసారీ స్పెల్లింగ్ అడుగుతారని ముందే పెద్దక్షరాలతో రాశాను."

"మా జాబితాలో ఆ పేరు లేదండీ."

"జాబితాలో లేకపోతే నాన్న నోట్లోనూ లేదనుకున్నారా?"

నాకు ఆ క్షణంలో గొప్ప జ్ఞానోదయం ఏమీ కాలేదు. చెవులు వేడెక్కాయి, అంతే. పది నిమిషాల తర్వాత మేలే ఎదుట కూర్చున్నాను. టీ వచ్చింది.

అంతా చెప్పాను. ఇంగ నోట్ సంగతితో సహా. ఆ భాగం మింగేద్దామని ఒకసారి అనిపించింది, కానీ మేలే పూర్వాశ్రమంలో నర్సు, మింగినవి కక్కించడం ఆవిడకు అలవాటే.

"ఆ హెండర్సన్ ఆంటీ కథ ఎన్నేళ్ళ నుంచి చెబుతున్నావు ప్రవీణ్?"

"నాలుగేళ్ళు."

"మంచి కథ. ఇప్పుడు నీకు రెండోది దొరికింది. కాకపోతే ఇందులో ఆ తెల్లవాడివి నువ్వు."

చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాను.

"ఫోన్ చెయ్యకు," అంది మేలే. "వార్డుకు వెళ్ళు. డాక్టరుకు ఎదురుగా నిలబడి చెప్పు. తర్వాత ఆ భాష మనిషిని వెతుకు. శుక్రవారం లోపల."

వెళ్ళాను. డాక్టరు నా వయసువాడే, మూడు రోజుల గడ్డం. "అయితే గురువారం నేను రాసింది?" అన్నాడు.

"తప్పు. తప్పు మీది కాదు, మాది. అసలు నాది. ఆయనతో ఎవరూ ఇంకా ఆయన భాషలో మాట్లాడలేదు. ఆ రిపోర్ట్ తీసేయండి."

"తీసేయడం కుదరదు. కింద ఒక వాక్యం కలుపుతాను." కలిపాడు. "శుక్రవారానికి మనిషిని తెస్తే సరే, లేకపోతే ఉన్న కాగితాలతోనే మీటింగ్ జరుగుతుంది. బెడ్‌లు లేవు."

తిరిగి వస్తూ ఆయన మంచం పక్క నుంచి నడిచాను. పెద్ద మనిషి, పెద్ద చేతులు, గోడ వైపు చూస్తున్నాడు. ఏమనాలో తెలియక "హలో" అన్నాను. ఆయన నాకేదో చెప్పాడు, పొడుగ్గా, ఓపిగ్గా. చెప్పడం అయ్యాక నా మొహం చూసి మళ్ళీ గోడ వైపు తిరిగాడు. హా అనడానికి నాకు నోరు రాలేదు.

నిన్నటి నుంచి మాట్లాడిన మనిషి

దేశంలో ఆ భాష ఇంటర్‌ప్రిటర్లు ఎవరూ మా రిజిస్టర్‌లో లేరు. "మా బంధువులు అక్కడున్నారు, వాళ్ళతో మాట్లాడించనా?" అని కరెన్ అడిగింది. వద్దన్నాను. ఇలాంటి విషయాల్లో ఇంటివాళ్ళను ఇంటర్‌ప్రిటర్‌గా పెట్టకూడదు. ప్రేమ ఉన్నవాళ్ళు మధ్యలో సవరణలు చేస్తారు. ఆ దీవుల నుంచి వైద్యానికి కోపెన్‌హాగెన్ వెళ్ళే రోగులుంటారని చదివి, అక్కడ వాళ్ళకు సాయం చేసే ఒక ఆఫీసుకు మెయిల్ పెట్టాను. ఈసారి మూడో వాక్యం, నాలుగో వాక్యం, పేజీ చివరిదాకా చదివాను. బుధవారం జవాబొచ్చింది. ఆ దీవుల్లోనే టోర్స్‌హావన్ అనే ఊళ్ళో మార్యున్ అని ఒకావిడ, నర్సుగా చేసి మానేసింది, ఇంటర్‌ప్రిటింగ్ తెలుసు, ఇంగ్లీషు బాగా వచ్చు.

ఆవిడకు ఫోన్ చేసి మొదట అడిగింది, మీ భాషను మీరేమంటారని. ఆవిడ చెప్పింది. నా చెవికి "ఫోరిస్ట్" అని వినబడింది. ఆ మాటను మూడుసార్లు పలికించి, "పరవాలేదు, తాగి ఉన్న నార్వేవాడిలా ఉంది," అని సర్టిఫికెట్ ఇచ్చింది.

గురువారం పొద్దున తొమ్మిదికి వార్డులో స్పీకర్ ఫోన్ పెట్టాం. అక్కడ ఇంకా బుధవారం రాత్రి ఎనిమిది. డాక్టరు, కరెన్, నేను. యాకుప్ గోడ వైపు తిరిగి ఉన్నాడు.

మార్యున్ ఏదో అంది. చిన్న వాక్యం.

ఆయన తల తిప్పాడు. సినిమా అయితే ఇక్కడ వయొలిన్ వస్తుంది. వార్డులో టిఫిన్ ట్రాలీ వచ్చింది. దాన్ని బయటికి తోసేసరికి ఇద్దరూ మాటల్లో పడ్డారు. ఆయన మాట నెమ్మదిగా, పెదవి ఒక పక్కకు లాగుతూ వస్తోంది, కానీ వస్తోంది. డాక్టరు వాచీ చూసుకున్నాడు.

"ఏమంటున్నారు?"

"క్షమించండి," అంది మార్యున్. "నాది ఏ ఊరని అడిగాడు. చెప్పాను. మా అమ్మ ఎవరి కూతురని అడుగుతున్నాడు. అది తేలేదాకా మిగతా ప్రశ్నలకు జవాబు చెప్పడట."

నాకు నవ్వాగలేదు. జాన్సన్‌విల్‌లో ఏ అంకుల్‌ను కలిసినా మొదట దాటాల్సిన గేటు ఇదే. అది తేలడానికి ఇంకో నాలుగు నిమిషాలు పట్టింది. తేలింది. మార్యున్ మేనమామతో ఆయన ఒక సీజన్ పడవ మీద పనిచేశాడు. ఆ మేనమామకు వంట రాదట.

అప్పుడు డాక్టరు తన కాగితం తీశాడు. "మీరెక్కడున్నారో తెలుసా?"

"ఆసుపత్రిలో," అని మార్యున్ నోట వచ్చింది. "వెల్లింగ్టన్. ఐదో అంతస్తు. కాఫీ నీళ్ళలా ఉంటుంది."

"ఇవాళ ఏం వారం?"

యాకుప్ ఫోన్ వైపు చూశాడు, డాక్టరు వైపు చూశాడు. కొంచెం పొడుగ్గా చెప్పాడు. ఈసారి మార్యున్ గొంతులో నవ్వు ఉంది, అయినా నియమం తప్పలేదు.

"నాకు గురువారం. ఈ అమ్మాయికి ఇంకా బుధవారమే. మీకు ఏది కావాలి?"

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. కరెన్ వెళ్ళి తండ్రి మంచం రాడ్ పట్టుకుంది. నేను కిటికీ వైపు చూశాను. ఐదో అంతస్తు కదా, బయట చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు, అయినా చూశాను.

"అడగండి," అంది కరెన్. "రోజూ నాకు చెబుతున్న ఆ వాక్యం ఏమిటో."

మార్యున్ అడిగింది. ఆయన ఆ వాక్యం మళ్ళీ చెప్పాడు. పన్నెండు రోజులుగా వార్డంతా విని, పొంతన లేదని రాసిన వాక్యం.

"మెట్లు ఎక్కలేనని నాకు తెలుసు. కింద వలలు దాచే గదిలో మంచం వెయ్యండి, అక్కడ బాత్రూమ్ ఉంది."

వాళ్ళ ఇల్లు ఐలాండ్ బేలో కొండ మీద. గుమ్మానికి బోలెడు మెట్లు, వలల గది ఆ మెట్లకు కింద, రోడ్డు మట్టంలో. ఇంటికి పంపకూడదనడానికి రాసిన రెండో కారణం ఆ మెట్లే. ఆయన దానికి మొదటిరోజే పరిష్కారం చెప్పాడు.

"వలల గదా?" అంది కరెన్, కళ్ళు తుడుచుకుంటూ. "నాన్నా, అది కంపు కొడుతుంది!"

మార్యున్ అదీ చెప్పింది. జవాబు వెంటనే వచ్చింది: "నేనూ అంతే."

ఇంకా ఇరవై నిమిషాలు మందులు, పడిపోతే ఎవరిని పిలవాలి, స్టవ్ ఆపడం, అన్నీ అడిగారు. ఆఖర్న ఆయనే ఒక ప్రశ్న వేశాడు: "ఆ డేనిష్ టీచరమ్మ మళ్ళీ వస్తుందా? నేను బడి మానేసి చాలా కాలమైంది." కిందటి గురువారం నేను ఆయన మీదికి వదిలింది ఒక భాషను కాదు, ఒక క్లాసును. ఇంగకు ఈ మాట చెబితే ఆవిడ ఏమీ అనుకోలేదు. "నేను నిజంగానే టీచర్‌ని కదా," అంది.

శుక్రవారం మీటింగ్ పదిహేను నిమిషాల్లో అయిపోయింది. సోమవారం వలల గదిలో మంచం వేశారు.

జాబితా

జాబితాలో ఆ పేరు చేర్పించడానికి నాకు ఐదు నెలలు పట్టింది. కంప్యూటర్లు చూసే కంపెనీవాడు, "ఏడాదికి ఎన్ని బుకింగ్‌లు?" అన్నాడు. ఒకటి, అన్నాను. "బిజినెస్ కేస్ ఏమిటి?" అన్నాడు. ఎనభై రెండేళ్ళు, ఐలాండ్ బే, అన్నాను. మేలే అతనికి టీ ఇచ్చినట్టుంది, వారంలో పేరు వచ్చింది, ఫార్సీకి సరిగ్గా పైన. మిగతా భాషలకు మేలే ఒక కొత్త గడి పెట్టించింది: "జాబితాలో లేదు. మనిషిని అడగండి." దగ్గరిది నొక్కడం ఆ రోజు నుంచి నిషేధం. నేనే పక్క సీటువాళ్ళకు చెప్పి మాన్పించాను. నేర్పిందీ నేనే కాబట్టి అది శిక్షో, అవార్డో తేలలేదు.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పేదింతే. అర్థం కాని మాట వినబడితే ముందు అనుమానించాల్సింది మన ఏర్పాటును, ఆ మనిషి బుర్రను కాదు. మనకు ఒకసారి జరిగింది కాబట్టి మనం ఇంకొకరికి చెయ్యబోమనే భ్రమ పెట్టుకోకండి. నేను నాలుగేళ్ళు కథ చెప్పి, చప్పట్లు తీసుకుని, అదే పని చేశాను.

మానేసే ముందు నేను ఏర్పాటు చేసిన చివరి కాల్ కూడా ఆయనదే. మామూలు చెకప్, నర్సు ఇంటికే వెళ్ళింది. కరెన్ రమ్మంటే నేనూ వెళ్ళాను. వలల గది నిజంగానే కంపు కొడుతోంది. ఇంగ్లీషు కొంత తిరిగొచ్చింది కానీ, మార్యున్ లైన్‌లో ఉంటే ఆయన దాన్ని పట్టించుకోవడం లేదు. పని అయ్యాక నా వైపు వేలు చూపించి ఏదో అడిగాడు.

"మీది ఏ భాష?" అంది నిన్నటి సాయంత్రం నుంచి మార్యున్.

"తెలుగు."

ఆయన ఆ మాటను నోట్లో ఒకసారి తిప్పి చూసి, పలికాడు. పరవాలేదు. తర్వాత, మొహంలో పనిచేసే సగంతో నవ్వుతూ ఇంకోటి అడిగాడు. కరెన్ ఆయనకు మా ఆఫీసు పద్ధతి మొత్తం చెప్పేసినట్టుంది.

"అది దేనికి దగ్గర?" అంది మార్యున్.

తమిళం, కన్నడం అని మొదలుపెట్టబోయాను. ఆగాను.

"దేనికీ దగ్గర కాదని చెప్పండి," అన్నాను.

అబద్ధమే. మార్యున్ నియమం ప్రకారం ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన తృప్తిగా తలూపి, నేను ఏ ఊరివాణ్ణో, మా అమ్మ ఎవరి కూతురో మొదలుపెట్టాడు.